సెన్సర్ బిగిసింది గానీ సరిపోలేదు: ఒక పాత సియెలో ఓనర్ ఉత్తరం

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత కార్ల మీద వచ్చిన ఐటమ్ చదివాను. బాగానే రాశారు, ఫొటోలు కూడా బాగున్నాయి, కానీ చివర్లో ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. ఇంజెక్షన్ ఉన్న పాత కార్ల జోలికి పోవద్దు, వాటికి సెన్సర్లు దొరకవు, కార్బురేటర్ బండి అయితే ఏ సందులో అయినా రిపేరు అయిపోద్ది అన్నట్టు రాశారు. దొరకవు అన్నది తప్పండి. దొరుకుతాయి, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, అసలు తలనొప్పి అక్కడే ఉంది. నా కథ చెప్తాను, కొంచెం పెద్దదే, ఎడిట్ చేస్కుని వేస్కోండి.

మా ఇంట్లో 1997 సియెలో ఉంది. నాన్నగారు రిటైర్ అయిన డబ్బుల్లోంచి కొన్న కారు, తెల్లది. ఇప్పటి పిల్లలకి పేరు కూడా తెలీదు. దేవూ అని కొరియా కంపెనీ 1995లో దీన్ని మన దేశంలో దింపింది, ఢిల్లీ దగ్గర సూరజ్‌పూర్ ఫ్యాక్టరీలో తయారయ్యేది, ఒకటిన్నర లీటర్ ఇంజిన్, మల్టీ పాయింట్ ఇంజెక్షన్, అంటే కార్బురేటర్ లేకుండా ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ కొడుతుంది. మా వీధిలో మిగతా కార్లన్నీ పొద్దున్నే చోక్ లాగి బతిమాలితే గానీ కదలని రోజుల్లో ఇది తాళం తిప్పగానే అందుకునేది, నాన్నగారికి అదో పెద్ద గర్వం. తర్వాత 2000 నవంబర్లో కొరియాలో అసలు కంపెనీ దివాలా తీసింది, కార్ల వ్యాపారం అమెరికా కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) చేతికి పోయింది, ఇక్కడ షోరూములు మూతపడ్డాయి, మాలాంటి వాళ్ళం రోడ్డున పడ్డాం. (మీరు దీన్ని వింటేజ్ అనకూడదు లెండి, 2021లో వచ్చిన కేంద్రం రూల్ ప్రకారం 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్, మాది ఇంకా ముప్ఫై కూడా నిండని కుర్రది.)

పోయిన ఏడాది ఎండాకాలంలో బండి మొరాయించడం మొదలెట్టింది. నల్ల పొగ, ఐడ్లింగ్‌లో ఊగడం, లీటరుకి 8 కిలోమీటర్లు కూడా రావట్లేదు. మా మెకానిక్ కుర్రాడు చిన్నప్పట్నించీ ఎరిగినవాడు, చూసి "బాబాయ్, వాటర్ టెంపరేచర్ సెన్సర్ పోయింది, ఇంజిన్ వేడెక్కినా ఈసీఎంకి తెలీట్లేదు, చల్లగానే ఉందనుకుని పెట్రోల్ కుమ్మరిస్తోంది" అన్నాడు. ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా. కరెక్టే చెప్పాడు. ఆటోనగర్ వెళ్ళాం, ఓ షాపులో అడిగితే రెండు వైర్ల సెన్సర్ ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. మా పాతదాని పక్కన పెట్టి చూస్తే థ్రెడ్ అదే, పొడుగు దాదాపు అదే, వెనక కప్లర్ (వైర్లు గుచ్చే ప్లగ్గు) ఒక్కటే వేరు. అదే అడిగితే "అన్నీ ఒకటే సార్, సెన్సర్ అంటే సెన్సరే, కప్లర్ కట్ చేసి ఇది తగిలించుకోండి, కప్లర్ కూడా ఇస్తా" అన్నాడు. రెండూ కలిపి 450 రూపాయలు. బిగించాం, పొగ పోయింది, మైలేజీ వచ్చింది, తొమ్మిది నెలలు కిక్కురుమనకుండా తిరిగింది. ఆ షాపతన్ని నేను మోసగాడు అనను, అతనికీ అంతే తెలుసు.

ఈ జనవరిలో మా ఆవిడ లంబసింగి చూద్దాం అంది. తుని దాటి నర్సీపట్నం మీదుగా ఘాట్ ఎక్కి సాయంత్రానికి చేరాం, కారు చీమ కుట్టినట్టు కూడా లేకుండా ఎక్కింది. రాత్రి అక్కడే పడుకున్నాం. పొద్దున ఐదున్నరకి మంచు చూద్దామని తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు. ఒక్కోసారి అందుకున్నట్టే అందుకుని రెండు సెకన్లలో చచ్చిపోతోంది. ఆక్సిలరేటర్ తొక్కితే దగ్గి మళ్ళీ ఆగుతోంది. ఫోన్లో చూస్తే 5 డిగ్రీలు. ఓ అరగంటకి బ్యాటరీ నీరసపడింది, టీ కొట్టు దగ్గరున్న కుర్రాళ్ళు తోశారు, అయినా లాభం లేదు. మా ఆవిడ శాలువా కప్పుకుని టీ తాగుతూ "మావయ్యగారి కారు కాబట్టి ఏమీ అనట్లేదు" అంది, అంతకన్నా ఏం అనాలి. ఎండెక్కాక తొమ్మిదింటికి వేరే బండి నుంచి కేబుల్ వేసి కరెంటు ఇచ్చారు, ఒక్క తిప్పుకే స్టార్ట్. ఇంటికొచ్చేదాకా ఏ గోలా లేదు.

విజయవాడలో చూపిస్తే ఏముంటుంది చూపించడానికి, టింగుమని స్టార్ట్ అవుతోంది. స్కానర్ వాడు ఈ పాత బండికి నా ప్లగ్గు పట్టదు అన్నాడు. ఒకాయన ఫ్యూయల్ పంపు అన్నాడు, ఇంకొకాయన ప్లగ్గులు, కాయిల్ అన్నాడు, మూడో ఆయన ఏకంగా ఈసీఎం పోయింది, సెకండ్ హ్యాండ్‌ది 12 వేలకి తెప్పిస్తా అన్నాడు. 12 వేలు అనగానే నాకు బుర్ర పనిచేయడం మొదలెట్టింది.

ఇంజిన్ నీళ్ళ వేడి చూసే సెన్సర్ అంటే లోపల ఉండేది ఒక చిన్న థర్మిస్టర్, అంతే. చల్లగా ఉంటే రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కే కొద్దీ తగ్గిపోతుంది. ఈసీఎం దానికి 5 వోల్టులు ఓ రెసిస్టర్ గుండా పంపి ఎంత వోల్టేజి నిలిచిందో చూసుకుంటుంది, తన మెమరీలో ఉన్న పట్టికలో వెతుక్కుంటుంది, ఇన్ని ఓంల రెసిస్టెన్స్ అంటే ఇన్ని డిగ్రీలు అని. దానికి కళ్ళు లేవు, ఇంజిన్ ఎంత చల్లగా ఉందో అది తాకి చూడదు, ఓంలని నమ్ముతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ సరిగ్గా ఆవిరవ్వక మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం) గోడలకి అంటుకుపోద్ది కాబట్టి ఎక్కువ కొట్టాలి, ఎంత ఎక్కువ అన్నది ఈ సెన్సర్ చెప్పే మాట మీదే ఉంటుంది.

ఇప్పుడు చూడండి, ఈ పట్టిక అన్ని కంపెనీలకీ ఒకటి కాదు. సియెలోది జీఎం పట్టిక. 20 డిగ్రీల దగ్గర 3,520 ఓంలు, సున్నా దగ్గర 9,420, వంద డిగ్రీల దగ్గర 177. జర్మనీ కంపెనీ బాష్ వాళ్ళ పట్టిక వేరు, 20 దగ్గర 2,500, సున్నా దగ్గర 5,900కి అటూ ఇటూ, వంద దగ్గర 187. మన దగ్గర తిరిగే బోలెడన్ని కార్లకి బాష్ సిస్టమే, అందుకే షాపుల్లో ఆ సెన్సర్లే ఎక్కువ కనిపిస్తాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం కొత్త సెన్సర్ పీకేసి వంటింట్లో పెట్టాను. పక్కన పోల్చుకోవడానికి స్క్రాప్‌కి పోయిన ఇంకో సియెలోది కంపెనీ సెన్సర్ 100 రూపాయలకి తెచ్చాను. ఒక స్టీలు గ్లాసు, వంటకి వాడే డిజిటల్ థర్మామీటర్, 250 రూపాయల మల్టీమీటర్, ఫ్రిజ్‌లోంచి ఐసు, గ్యాస్ స్టవ్. రెండిటికీ దారం కట్టి గ్లాసు అడుగుకి గోడలకి తగలకుండా నీళ్ళలో వేలాడదీశాను, ఇత్తడి మొన మునగాలి, వెనక పిన్నులు తడవకూడదు. ముందు నీళ్ళు మరిగించి చూశా. రెండూ 180 ఓంలకి అటూ ఇటూ, తేడా చెప్పలేం. 80 డిగ్రీల దగ్గర ఒకటి 330, ఇంకోటి 320. అప్పటికి నా మీద నాకే అనుమానం వచ్చింది, అనవసరంగా ఆదివారం పాడు చేసుకున్నానేమో అని. పంపు నీళ్ళు పోసి 30 డిగ్రీల దగ్గర చూస్తే కంపెనీది 2,200, కొత్తది 1,700. ఐసు ముక్కలు వేసి బాగా కలిపి పది నిమిషాలు ఆగితే కంపెనీది 9,300 దాటింది, కొత్తది 5,800 దగ్గరే కూర్చుంది. దొరికాడు దొంగ!

విజయవాడ నించి హైదరాబాద్ పోయే రెండు బస్సులు అనుకోండి, ఒకటి సూర్యాపేట మీదుగా, ఇంకోటి మిర్యాలగూడ మీదుగా. ఎంజీబీఎస్‌లో నించుని చూస్తే రెండూ ఒకటే, రెండూ దిగాయి. సూర్యాపేటలో దిగాల్సిన వాడు మిర్యాలగూడ బస్సెక్కితే గానీ తేడా తెలీదు. మెకానిక్కులు అందరూ ఇంజిన్ వేడెక్కాక మీటర్ పెట్టి చూసి ఓకే అంటారు, అంటే ఎంజీబీఎస్‌లో నించుని చూస్తున్నట్టే. మన కోస్తా ఎండలకి పొద్దున ఇంజిన్ 28, 30 ఉంటుంది, అక్కడ ఈ రెండు పట్టికల తేడా వల్ల ఈసీఎం ఓ ఆరేడు డిగ్రీలు ఎక్కువ వేడి అనుకుంటుంది, ఆ మాత్రం దానికి బండి ఏమీ అనదు. లంబసింగిలో 5 డిగ్రీలప్పుడు ఈ సెన్సర్ దగ్గర దగ్గర 4,700 ఓంలు చూపిస్తుంది, జీఎం పట్టికలో 4,700 అంటే 14 డిగ్రీలు. గడ్డ కట్టే చలిలో ఉన్న ఇంజిన్‌కి పర్లేదు హాయిగా ఉంది అని తక్కువ పెట్రోల్ కొట్టింది. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇథనాల్‌కి ఇంకొంచెం ఎక్కువ కొట్టాలి, చలిలో అది సరిగా ఆవిరవ్వదు కూడా. అన్నీ కలిసొచ్చి నన్ను టీ కొట్టు దగ్గర నిలబెట్టాయి. తప్పంతా సెన్సర్‌దే అని నేననను, కానీ కంపెనీ సెన్సర్ ఉంటే అందుకునేదే అని నా నమ్మకం.

ఈ సంగతి మా కుర్రాడికి చెప్తే "అయితే వైరులో ఓ రెసిస్టర్ వేసేద్దాం బాబాయ్, లెక్క సరిపోద్ది" అన్నాడు. చాలామంది ఇలాగే చేస్తారని తర్వాత తెలిసింది. వద్దండీ బాబూ. సున్నా దగ్గర లోటు 3,500 ఓంలు కదా అని 3,500 వేశామనుకోండి, ఇంజిన్ వంద డిగ్రీలకి మరుగుతున్నప్పుడు కూడా సెన్సర్‌ది 187 ప్లస్ ఆ 3,500 కలిపి 3,700 చూపిస్తుంది, ఈసీఎం లెక్కలో అది 19 డిగ్రీలు, మళ్ళీ నల్ల పొగ, మళ్ళీ 8 కిలోమీటర్లు. వంకరగా ఉన్న గీతని ఒక్క రెసిస్టర్‌తో ఇంకో వంకర గీత చేయలేం. పట్టిక కుదిరిన సెన్సర్ తెచ్చుకోవడం ఒక్కటే దారి.

మరి ఎక్కడ తెస్తావ్ అంటారా. ఇదే కారు నెక్సియా పేరుతో ఉజ్బెకిస్తాన్‌లో 2016 దాకా తయారైంది, ఆ పార్టులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఇంతెందుకు, తర్వాత షెవర్లే పేరుతో మన దగ్గర అమ్మిన ఏవియో, ఆప్ట్రా కూడా దేవూ ఇంటి పిల్లలే. స్క్రాప్ యార్డులో ఒక ఏవియో సెన్సర్ తీసుకుని ఐసులో ముంచి చూశా, తొమ్మిది వేలు దాటింది, చాలు. ఇప్పుడు బండిలో ఉన్నది అదే. వైరింగ్‌కి కోసేసిన కప్లర్ బదులు అదే ఏవియోది వైరుతో సహా కట్ చేయించి తెచ్చి సోల్డరింగ్ చేయించాను, మెలేసి టేపు చుట్టిన జాయింటు ఇలాంటి చోట పనికిరాదు, తుప్పు పడితే ఆ తుప్పు రెసిస్టెన్స్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

ఇంకో విషయం, ఇంజిన్ మీద నీళ్ళ వేడికి రెండు సెన్సర్లు ఉంటాయి, ఒక్క వైరు ఉన్నది డ్యాష్‌బోర్డు ముల్లుకి, రెండు వైర్లది ఈసీఎంకి. మీటర్ ముల్లు సరిగ్గా చూపిస్తోంది కాబట్టి సెన్సర్ బానే ఉంది అనే మాట నమ్మకండి, అది వేరే ఆయన సాక్ష్యం.

మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ దగ్గర ఇంకా డేంజర్. జీఎం దాంట్లో ఒక బార్, రెండు బార్, మూడు బార్ అని ఉంటాయి (బార్ అంటే ప్రెషర్ కొలత), టర్బో బళ్ళకి పెద్దవి, చూడటానికి అన్నీ ఒకే తల్లి పిల్లలు, కప్లర్ కూడా పట్టేస్తుంది. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా సిగ్నల్ వైరు మీద మీటర్ పెట్టి చూస్తే మన ఊళ్ళో ఒక బార్‌ది నాలుగున్నర వోల్టులు దాటి చూపించాలి, రెండు బార్‌ది అయితే 2.3 వోల్టుల దగ్గర ఉంటుంది. అది బిగిస్తే ఇంజిన్ ఎప్పుడూ తేలిగ్గా నడుస్తోందనుకుని ఈసీఎం పెట్రోల్ సగానికి కోసేస్తుంది. ఇది చూడటానికి రెండు నిమిషాలు చాలు, కానీ చూసేవాళ్ళు ఎవరు.

ఇక మీరన్న అసలు వింటేజ్ కార్ల సంగతి. వింటేజ్ బళ్ళన్నీ కార్బురేటరే అన్నట్టు రాశారు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ 1967లోనే లైన్లోకి వచ్చేసిందండీ, అమెరికాకి పంపే ఫోక్స్‌వ్యాగన్ 1600కి బాష్ వాళ్ళు పెట్టారు, డి జెట్రానిక్ అంటారు, డి అంటే జర్మన్‌లో ద్రుక్, ప్రెషర్. అసలు ఐడియా అంతకు పదేళ్ళ ముందు అమెరికాలో బెండిక్స్ కంపెనీది, వాళ్ళకి నిలవలేదు, పేటెంట్ల హక్కులు బాష్ తీసుకుంది. తర్వాత బెంజ్, వోల్వో, సిట్రోయెన్, పోర్షె 914 వీటన్నిట్లోకి వెళ్ళింది. అవి ఇప్పుడు 50 దాటిన బళ్ళు, మీ లెక్కలో వింటేజే.

మా బావమరిది న్యూజెర్సీలో ఉంటాడు, వాడికి 1972 వోల్వో 1800ఈఎస్ పిచ్చి, గ్యారేజీలో పెట్టుకుని శనాదివారాలు దానికింద పడుకుంటాడు. వాడి పాట్లు చూశాక నాది సుఖం అనిపించింది. ఆ బండిలో గాలి వేడి చూసే సెన్సర్ 20 డిగ్రీల దగ్గర 300 ఓంలు, నీళ్ళ వేడి చూసేది 2,500 ఓంలు, రెండూ టెంపరేచర్ సెన్సర్లే, రెండూ బాష్‌వే, ఆన్‌లైన్‌లో ఆ పేరుతో వెతికితే ఏది వస్తుందో దేవుడికెరుక. అంతకన్నా పెద్ద పీకులాట దాని ప్రెషర్ సెన్సర్. అరచేతిలో పట్టేంత బరువైన డబ్బా, లోపల గాలి తీసేసిన రేకు గుళికలు ఉంటాయి, మానిఫోల్డ్ ప్రెషర్ మారితే అవి ఉబ్బి కుంచించుకుని ఒక ఇనప ముక్కని కాయిల్స్ మధ్య ముందుకీ వెనక్కీ జరుపుతాయి, ఆ కాయిల్ ఎంత సేపు స్పందిస్తే అంత సేపు ఇంజెక్టర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ చిప్ లేదు, మెమరీలో పట్టిక లేదు, అన్నీ ట్రాన్సిస్టర్లే, అంటే ఆ ఇంజిన్‌కి ఎంత పెట్రోల్ కావాలన్న లెక్క చాలావరకు ఆ డబ్బాలోనే స్క్రూలు తిప్పి సెట్ చేసి ఫ్యాక్టరీలో సీల్ వేశారు. ఇంజిన్ మారితే కంప్రెషన్, క్యామ్ మారతాయి, డబ్బాలో సెట్టింగ్ కూడా మారుతుంది, బయటికి మాత్రం అదే డబ్బా, అదే నాలుగు పిన్నులు.

మా వాడు ఒకటి కొన్నాడు. మీటర్ పెడితే ఒక కాయిల్ 90 ఓంలు, రెండోది 350, రెండూ కరెక్ట్. చేతి పంపుతో గాలి లాగి పెడితే ఐదు నిమిషాలైనా ముల్లు దిగలేదు, అంటే లోపల రేకు చిరగలేదు. బిగిస్తే నల్ల పొగ, కళ్ళు మండేంత పెట్రోల్ వాసన. వారం తల పట్టుకున్నాక పాతదాని మీదా దీని మీదా ఉన్న నంబర్లు పక్కపక్కన పెట్టి చూస్తే చివరి అంకెలు వేరు, అది వేరే ఇంజిన్‌కి సెట్ చేసిన డబ్బా. ఇక్కడ నా గ్లాసు టెస్టులూ పనిచేయవు, నంబర్ ఒక్కటే గతి. అందుకే పాత సెన్సర్ చచ్చిపోయినా సరే పారేయకండి, దాని ఒంటి మీద ఉన్న నంబరే మీకు మిగిలిన జాతకం. నాది ఆ షాపు కౌంటర్ మీదే వదిలేసొచ్చాను, అది నా తెలివి.

కాబట్టి మీరు సవరణ వేయాల్సింది ఏంటంటే, పాత ఇంజెక్షన్ కార్లు కొనొద్దు అని కాదు, సెన్సర్ కొనేముందు ఐసు నీళ్ళలో ఎన్ని ఓంలో అడగమని. స్పేర్ పార్టులు అమ్మేవాళ్ళు డబ్బా మీద 20 డిగ్రీల దగ్గర ఇన్ని, 80 దగ్గర ఇన్ని అని రెండు అంకెలు ముద్రిస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది. టీవీ డబ్బా మీద స్టార్ రేటింగ్ వేస్తున్నారు, బల్బు మీద వాట్లు వేస్తున్నారు, దీని మీద మాత్రం "యూనివర్సల్" అని ఒక్క మాట. మీ ఆటో పేజీ చూసే ఆయన ఎవరో గానీ, ఈసారి రాసేముందు ఆటోనగర్‌లో ఓ రోజు కూర్చోమనండి, టీ నేనిప్పిస్తా.

వచ్చే జనవరికి మళ్ళీ లంబసింగి వెళ్తున్నాం, ఏవియో సెన్సర్ సంగతి అక్కడే తేలాలి. మా ఆవిడ వస్తానంది, కేబుల్ కూడా తెచ్చుకోమంది. ఆ స్టీలు గ్లాసు మాత్రం మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, ఇప్పుడది గ్యారేజీలో నా టూల్ కిట్‌లో ఉంది.

ఇట్లు,
ఒక సియెలో ఓనర్,
విజయవాడ